బూడిద వేళ్లు

చేతులు కడుక్కునే పోయాను. సబ్బుతో, గోళ్ల సందులు కూడా రుద్ది మరీ కడుక్కున్నాను. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు వనపర్తిలో మా కాలేజీ ల్యాబులో ఈ ఒక్క మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

నా పేరు స్వరూప. మాది గద్వాల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. నాన్న హన్మంతు మగ్గం మీద చీరలు నేస్తాడు, ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం ఊడదీయరు. పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి, ఒక్కొక్కటీ వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేళ్లు జారకుండా పక్కన చిప్పలో పొయ్యి బూడిద పెట్టుకుంటాం. అద్దుకోవడం, మెలిపెట్టడం, మళ్లీ అద్దుకోవడం. అది ఎప్పుడూ మా అమ్మ నాగేంద్రమ్మ పనే. చికున్‌గున్యా వచ్చాక ఆమె వేళ్లు సరిగ్గా వంగడం మానేశాయి. జ్వరం పోయింది గానీ నొప్పి మా ఇంట్లోనే కాపురం పెట్టింది. అందుకని పొద్దున బస్సు వేళదాకా పడుగు ముందు నేనే కూర్చుంటాను.

కాలేజీలో నా ప్రాజెక్టు ఒక పసుపు రంగు పొడి. ఎన్నోసార్లు చెడగొట్టి, ఎన్నోసార్లు తిట్లు తిని, చివరికి నేనే తయారుచేశాను. మామూలు వెలుతురులో చూస్తే దానికీ శనగపిండికీ తేడా తెలియదు. యూవీ లైటు కింద పెడితే మాత్రం ఆకుపచ్చగా వెలుగుతుంది. అమ్మోనియా ఆవిరి తగిలితే ఆ వెలుగు నారింజ రంగులోకి మారుతుంది. వెనిగర్ ఆవిరి చూపిస్తే మళ్లీ పచ్చబడుతుంది. క్షారం తగిలితే ఒక వెలుగు, ఆమ్లం తగిలితే ఇంకో వెలుగు. ఒక మాట పడితే చాలు, నా ముఖం కూడా అట్లాగే మారుతుంది. అందుకేనేమో ఆ పొడి అంటే నాకు అంత ముద్దు.

దాన్ని కరిగించి, వడపోత కాగితం ముక్కలకు పట్టించి ఆరబెట్టాను. వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చే మేడం ముందు చూపించాల్సినవి అవే. పొడి కూడా అయిపోయింది. ఇంకోసారి చేసే వ్యవధి లేదు.

ఆరాయో లేదో చూద్దామని ఒక్కో కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కొద్దిగా తిప్పి చూశాను. గంజి పట్టించిన పోగు ఆరిందో లేదో మా ఇంట్లో అట్లాగే చూస్తాం. గ్లౌజులుంటే తడి తెలియదని తీసేశాను. అది తప్పే, కాదనను.

మా గైడు శ్రవణ్ కుమార్ సారు వచ్చి, లోపల నల్లరంగు పూసిన పెట్టెలో కాగితాలు పెట్టి లైటు వేశారు. అన్నీ పచ్చగా వెలిగాయి. ప్రతి దాని మీదా ఒక నారింజ రంగు మచ్చ. వేలి గీతలు కూడా లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. వెనిగర్ ఆవిరి పట్టినా కాసేపటికి మచ్చలు మళ్లీ తేలాయి.

"ఎవరివి ఈ వేళ్లు?"

"నావే సార్."

"చేతులు కడుక్కోకుండ ఎట్ల ముట్టుకున్నవు?"

"కడుక్కున్న సార్. పొద్దుగాల పడుగు అతికిన. జర బూడిద మిగిలి ఉంటది."

ల్యాబులో ఎవరో కిసుక్కుమన్నారు. సారు ముఖం ఎర్రబడింది.

"ఇది కెమిస్ట్రీ ల్యాబ్, మీ ఇంటి మగ్గం గుంత కాదు. వైవా అయ్యేదాంక ఆ పనన్న బంద్ జెయ్యి, లేకుంటే ప్రాజెక్టన్న ఇడ్సుకొని ఇంకో ఏడు కూసో. మేడం అడిగితే, నా నిర్లక్ష్యంతోని శాంపిల్ పాడైందని నీ నోటితోనే చెప్పాలె. అర్థమైందా?"

సారు చెడ్డ మనిషి కాదు. సెలవు రోజు కూడా వచ్చి మాకు ల్యాబు తెరిచిన మనిషి. అయినా ఆ "మగ్గం గుంత" అన్న తీరుకు నా ఒళ్లు మండిపోయింది. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మా నాన్న నన్ను చదివించాడు. గద్వాల బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

పడుగు ముందు కూర్చుంటూ ఇంట్లో చెప్పాను. అమ్మ వెంటనే సారు పక్షం చేరింది.

"సార్ జెప్పింది నిజమే బిడ్డా. నువ్వు లెవ్వు. నేనే అతుకుత."

కూర్చుంది. వేళ్లు బూడిదలో అద్దింది. పోగు పట్టుకుంది, జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. ముంజేతితో కళ్లు తుడుచుకుంటే చెంపంతా బూడిదైంది. నాన్న గుంతలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇడ్సిపెట్టు నాగేంద్రమ్మా. పిల్ల పరీక్షలైనంక నేద్దం. మగ్గం బంద్ పెడ్దం."

ల్యాబులో ఒక మాట అంటే ఇక్కడ మగ్గం ఆగాలా? నాకు తిక్క రేగింది.

"ఎవ్వరూ ఏం బంద్ పెట్టొద్దు. నేను రెండూ చేస్త."

"సార్ ఎల్లగొడ్తే?" అంది అమ్మ.

"ఎల్లగొట్టనియ్యి. బూడిద అంటుకున్నదని ఎల్లగొట్టిండని కాలేజంత తిరిగి చెప్త."

అమ్మ నోరు నొక్కుకుంది. నేను ఆమెను జరిపి పడుగు ముందు కూర్చున్నాను.

మరునాడు పత్తికట్టె బూడిద ఒక డబ్బాలో పోసుకుని ల్యాబుకు పట్టుకుపోయాను, అందరికీ కనబడేట్టు. మచ్చలు పడని అంచులు కత్తిరించి ఒక్కోటీ పరీక్షించాను. పొడి బూడిద చల్లితే వెలుగు మారలేదు. ఉత్త చెమట చెయ్యి పెడితే మారలేదు. అందుకు పెద్దమందడి నుంచి వచ్చే మా క్లాసు ధనలక్ష్మి చెయ్యి అరువిచ్చింది. ఆ చేతినే సబ్బుతో కడిగి పెట్టినా మారలేదు. బూడిదకు తడి తగిలినప్పుడే నారింజ వెలుగు వచ్చింది. బూడిదలో ఉన్న క్షారానికి తడి కావాలి. ఆ తడి నా వేళ్లలోనే ఉంది. విసుగొచ్చేదాకా చేశాను, ప్రతిసారీ అదే.

సారుకు చెబితే తల ఎత్తలేదు.

"గవన్నీ వద్దు స్వరూపా. అమ్మోనియా చూపెట్టు, నేను చెప్పమన్నది చెప్పు, పాసై పో."

వైవా రోజు పొద్దున కూడా పడుగు అతికాను. చేతులు కడుక్కున్నాను. బూడిద డబ్బా, కొన్ని నూలు పోగులు సంచిలో వేసుకున్నాను.

మేడం పొట్టిగా, చురుగ్గా ఉంది. అమ్మోనియా సీసా మూత తీయగానే తుమ్మింది, అయినా ముక్కు పక్కకు తిప్పుకోలేదు. కాగితం నారింజగా వెలిగింది. వెనిగర్‌తో మళ్లీ పచ్చబడింది. అంతలో పళ్లెంలో పక్కకు పెట్టిన మచ్చల కాగితం ఆమె కంట పడింది.

"దీనికేమైంది?"

సారు నా వైపు చూశారు. చెప్పమన్న మాట నాకు కంఠతా వచ్చు. ఏడాదంతా ఆ ఒక్క జవాబు మీదే ఉంది. నోరు తెరిస్తే ఆ మాట మాత్రం రాలేదు.

"నా వేళ్లు మేడం. మేము నేతోళ్లం. పొద్దుగాల బూడిద అద్దుకొని పడుగు అతికి వస్త. కడిగినా గీతలల్ల బూడిద మిగుల్తది. గా బూడిద తడిల కరిగితే వెలుగు మారుతది. చేసి చూపెడ్త."

"మేడం, గ్లౌజులు వేసుకోమని చెప్పినం, ఆ అమ్మాయి..." అని సారు అందుకోబోయారు.

"నిర్లక్ష్యం కాదు సార్," అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "గ్లౌజులు తీసుడు నా తప్పు. చేతులు కడగలేదనేది మాత్రం అబద్ధం."

మేడం కళ్లద్దాలు సర్దుకుంది.

"నువ్వు చెప్పినంత మాత్రాన నమ్మను. నీ చెయ్యి ఒక్కటే సాక్ష్యం అంటే కుదరదు. బూడిద ఎన్నడూ ముట్టని చెయ్యి కావాలి." చుట్టూ చూసి, "శ్రవణ్ కుమార్ గారూ, మీ చెయ్యి ఇస్తారా?" అంది.

కాదనలేక సారు ముందుకొచ్చారు. ముందు మిగిలిన అంచు ముక్క ఒకదాని మీద ఉత్త వేలు ఒత్తించింది. మచ్చ పడలేదు. నేను డబ్బా మూత తీశాను. సారు బూడిదలో వేళ్లు పెట్టారు. నూలు పోగులు ఇస్తే, ఎట్లా తిప్పాలో తెలియక నా వైపు చూశారు. నేను మెలిపెట్టి చూపించాను. ఆయన కూడా మెలిపెట్టారు, నాలుగైదు పోగులు.

"ఇప్పుడు కడుక్కోండి. బాగా రుద్ది కడుక్కోండి," అంది మేడం.

సింకు దగ్గర సారు సబ్బు నురగ మోచేతులదాకా తెచ్చారు. తుడుచుకుని వచ్చి మచ్చ లేని ఇంకో ముక్క మీద వేళ్లు ఒత్తారు. మేడం దాన్ని పెట్టెలో పెట్టి లైటు వేసింది.

పచ్చటి కాగితం మీద సారు వేళ్లు నారింజగా వెలుగుతున్నాయి.

మేడం ఏదో రాసుకుంటూ, "ఏ కట్టె బూడిదో కూడా ప్రాజెక్టులో చేర్చు," అంది. అంతే, పొగడలేదు. సారు మాత్రం పెట్టెలోంచి చూపు తిప్పుకోలేదు.

"గంతగనం రుద్దిన," అన్నారు మెల్లగా.

"నేను గూడ గట్లనే రుద్దిన సార్," అన్నాను. "పడుగు ఇంకా మిగిలింది. రేపు గూడ అతికే వస్త."

సారు మళ్లీ సింకు దగ్గరకు పోయి కొళాయి తిప్పారు.