బొండుకు పెట్టిన లేత ఆకు

బొండు తినడం మానేసింది. ఆ ఇంట్లో తిండి దగ్గర మొహమాటం లేని ప్రాణి ఏదైనా ఉందంటే ఆ గినీ పిగ్గే. అలాంటిది పొద్దున్నుంచి మూలకు నక్కి, ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుంది. కింద పరిచిన గుడ్డంతా పలచటి విరేచనం. పిన్ని దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తింది.

పిన్ని అని మనం అనుకోవడమే గానీ, భర్త మొదటి భార్య కూతురు ఆమెను ఏనాడూ ఏ వరసా పెట్టి పిలవలేదు. ఆ పిల్ల స్కూలు క్యాంపుకు వెళ్తూ, వేరే దిక్కులేక బొండును అప్పగించింది. "గడ్డి ఎప్పుడూ ఉండాలి. రోజూ కాస్త లెట్యూస్ ఆకు పెట్టండి" అంది. ఏ లెట్యూసో చెప్పలేదు. పిన్నీ అడగలేదు. శాండ్‌విచ్‌ల దుకాణంలో పనిచేసే మనిషి లెట్యూస్ గురించి చిన్నపిల్లను అడుగుతుందా?

దుకాణంలో ముదురాకులు పారేసి, గుండ్రటి ఐస్‌బర్గ్ లెట్యూస్ లోపలి తెల్లటి లేత ఆకులే కస్టమర్లకు పెడతారు. పిల్ల మెప్పు కోసం పిన్ని అవే ఏరి ఏరి, గిన్నె నిండా పెట్టింది.

పశువుల డాక్టరమ్మ బొండు పొట్ట తడిమి చూసింది.

"ఐస్‌బర్గా? అందులో నీళ్లు తప్ప ఏముందమ్మా? లెట్యూస్‌లో రొమెయిన్, విడి ఆకుల రకాలు పెట్టాలి. పచ్చటి ముదురాకులు, అదీ కొద్దిగా."

"మేం పారేసేవా?"

"అవే. ప్రస్తుతానికి ఆకులొద్దు. ఈ మందు వేసి, గడ్డి పెట్టండి. రాత్రికీ ముట్టకపోతే వెంటనే తీసుకురండి."

సాయంత్రం, పిల్ల క్యాంపు నుంచి వచ్చే వేళయింది. బొండు ముట్టలేదు. గుడ్డ మార్చేసి ఏమీ తెలియనట్టు ఊరుకుందామని పిన్నికి అనిపించింది. తలుపు చప్పుడవగానే ఆ ధైర్యం కూడా పోయింది. పిల్ల బూట్లు విప్పకముందే అంతా చెప్పేసింది.

"నన్నెందుకు అడగలేదు?"

"తెలుసనుకున్నాను."

పిల్ల మొహం గంటు పెట్టుకుంది. బొండును తీసి పిన్ని ఒళ్లో పెట్టింది.

"కింద చెయ్యి ఆన్చండి. నేను మందు వేస్తాను. అంత గట్టిగా పట్టుకున్నారేం?"

"భయంగా ఉంది."

"నాక్కూడా."

బొండు మందు మింగాక పిన్ని ఒక గడ్డిపోచ అందించింది. బొండు మొహం తిప్పుకుంది. ఇంకాసేపటికి వాసన చూసింది. ఆ తర్వాత పోచ కొసను పళ్లతో లాగింది.

"కదలకండి" అంది పిల్ల మెల్లగా, ఆమె భుజానికి ఆనుకుని.