అడిగేవాళ్ళున్న ఊరు

“సచ్చి అది ఈ ఇంటికి దేవతయింది. నువ్వు బతికుండి ఏటి సేత్తన్నావే?”

మా అత్త అచ్చియ్యమ్మ ఈ మాట అన్నప్పుడు నేను నూతిలోంచి చేద లాగుతున్నాను. ‘అది’ అంటే మా ఆయన మొదటి పెళ్ళాం చిన్నతల్లి. నేను లాగుతున్నది ఆమె పడి చచ్చిన నూతిలోంచే. శవాన్ని తీశాక నీళ్ళన్నీ తోడించి, సున్నం జల్లించి, మళ్ళీ ఊట ఊరగానే తాగడం మొదలుపెట్టారు. కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఆ నీళ్ళతోనే వండి వారుస్తున్నాను. అత్తకి జవాబు చెప్పలేదు. చెబితే పొగరంటుంది, చెప్పకపోతే మూగనోమంటుంది. రెండిటికీ తిట్లే కాబట్టి శ్రమ తక్కువది ఎంచుకున్నాను.

మొగుడు బతికుండగా పోయిన ఆడది మా వైపు పేరంటాలవుతుంది. చోడవరం చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఒక పేరంటాలు ఉంటుంది. మా ఇంట్లో నడిమి గది మూల గోడకి పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి ఉంటుంది. అదే చిన్నతల్లి. ఏటా ఉగాదికి ముందు వచ్చే కొత్తమావాస్య నాడు ఆమె ముందు కొత్త చీర, గాజులు పెట్టి కొబ్బరికాయ కొడతారు. తరవాత ఆ చీర నేను కట్టుకోవాలి. కట్టుకున్నంతసేపూ నాకు మర్యాద. విప్పాక అంట్లు.

బతికుండి నేను చేసేది అత్తకి తెలియక కాదు. చెరకు ఆడే రోజుల్లో గానుగ దగ్గర పనివాళ్ళందరికీ వండాలి. అన్నం తట్ట నెత్తిన పెట్టుకుని పొలం గట్ల వెంబడి మోసుకెళ్ళాలి. వడ్డించాక, బెల్లం వండే పెనం కింద పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోయాలి. కనుబొమలు కాలేంత సెగ. బెల్లం దిమ్మలు బండికెక్కి అనకాపల్లి వెళ్ళేటప్పుడు మాత్రం మా ఆయన వాటి పక్కన కూర్చుని వెళతాడు. అమ్ముకుని తిరిగొచ్చి, అరుగు మీద నలుగురిలో కూర్చుని, ఇదంతా నా రెక్కల కష్టం అంటాడు. నా రెక్కలు ఆ సమయానికి పెరట్లో పేడ కలుపుతుంటాయి. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం గోడకి కొడతాడు. తక్కువైతే, మీ రావికమతంలో ఉప్పు దొరకదేటే అంటాడు. సరిపోయిన రోజున ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడాన్నే నేను మెప్పుదల అనుకోవాలని మా అత్త చెప్పింది.

అలాంటి ఇంట్లో నేను ఉండేదాన్ని కాదు. నా ఒళ్ళు ఉండేది. నేను కనకనగరంలో ఉండేదాన్ని.

కనకనగరం ఏ పటంలోనూ లేదు. డిటెక్టివ్ పరాంకుశం నవలల్లో ఉంది. మిషన్ బడి పంతులమ్మ కృపామణి మా వీధి చివర కాపురం. ఆవిడ భర్త తోమా విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా ఆ నవలలు కొనుక్కొచ్చేవాడు. నేను మజ్జిగ ఇచ్చే నెపంతో వెళ్ళి, పుస్తకం చీరకుచ్చెళ్ళలో దోపుకుని వచ్చి, గొడ్లసాల్లో కూర్చుని చదివేదాన్ని. పరాంకుశం నవలలు అందరూ హత్య కోసం చదువుతారట. నేను హత్య తరవాత జరిగేదాని కోసం చదివేదాన్ని. కనకనగరంలో ఒక ఆడది చచ్చిపోతే ఊరు ఊరంతా ఆగిపోతుంది. పరాంకుశం కారు దిగుతాడు. గదులన్నీ తిరుగుతాడు. వంటమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మా, మీరేం చూశారు అని అడుగుతాడు. వంటమనిషిని మీరు అంటాడు. ఆమె తడబడినా, ఏడ్చినా, ఆఖరు మాట దాకా వింటాడు. ప్రశ్న వేసి ఊరుకోవడం అతని పద్ధతి. ఆ ఊరుకోవడాన్ని భరించలేక అవతలివాళ్ళే నిజం కక్కేస్తారు.

అంట్లు తోముతున్నప్పుడు అతను మా పెరట్లోకి వచ్చినట్టు ఊహించుకునేదాన్ని. మీ ముంజేతి మీద ఈ మచ్చ పెనం సెగది కాదు, అట్లకాడది, ఎవరు వాత పెట్టారు అంటాడు. నేను చెబుతాను. వింటాడు. అంతే. ఆ తరవాత కథ నాకు అక్కర్లేదు.

“ఇవి ఇంత ఆత్రంగా సదువుతావు, భయమెయ్యదా అప్పలనరసమ్మా?” అంది కృపామణి ఒకసారి.

“అక్కడ భయమేటి పంతులమ్మగారూ? అక్కడ అడిగేవోళ్ళున్నారు,” అన్నాను.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఊళ్ళో కథానాయికగా ఉండాలని ఎప్పుడూ లేదు. మేడలూ మోటారు కార్లూ వద్దు. శవంగా ఉన్నా చాలు అనిపించేది. అక్కడ శవం గురించి అడుగుతారు.

ఇక్కడ చిన్నతల్లి గురించి ఎవరూ అడగలేదు. ఒకే చావుకి మా ఇంట్లో రెండు కథలున్నాయి. తెల్లారగట్ల చేద కోసం వంగి జారిందని మా అత్త చెబుతుంది. బట్టలుతుకుతూ కళ్ళు తిరిగి పడిందని మా ఆయన చెబుతాడు. పరాంకుశమైతే ఈ రెండు ముక్కలూ వినగానే సిగరెట్టు వెలిగించేవాడు. నేను పక్కింటి సన్యాసమ్మని గోడ మీంచి అడిగాను. ఎలా పోతే ఏటమ్మా, దేవతయిపోనాది కదా అని ఆవిడ పిడకలు చేసుకోవడంలో పడింది. ఎదురింటి ముసలి మంగాయమ్మని అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కనకనగరంలో చచ్చిన ఆడది ఒక ప్రశ్న అవుతుంది. చోడవరంలో గోడ మీద పసుపవుతుంది. పసుపు పూసిన చోట ఇంక ఎవరూ ఏమీ అడగరు. అందుకే అంత దట్టంగా పూస్తారు.

ఈ ఏడు నాకు ఆ చావు సంగతి తెలిసి తీరాల్సిన అవసరం వచ్చింది. నాకు పిల్లలు కలగలేదు. మా అత్త చీడికాడ వెళ్ళి కొడుక్కి మళ్ళీ పెళ్ళి చెయ్యడానికి ఒక గుంటని చూసొచ్చింది. ఇది ఇంట్లో ఉండగా ఎలా కుదురుతుందని మా ఆయన తల్లిని అడుగుతుంటే తలుపు చాటు నుంచి విన్నాను.

“ముందుదానికి కాలం సెల్లింది కాబట్టే ఇది వొచ్చింది,” అంది మా అత్త. “దీనికేటి రాసుందో సూద్దాం.”

ఆ పూట నుంచి నూతి మీదికి వంగేటప్పుడు ఒక చేత్తో గిలక స్తంభం పట్టుకునే వంగుతున్నాను. చిన్నతల్లి ఎలా చచ్చిందో తెలిస్తేనే నేనెలా బతకాలో తెలుస్తుంది.

అంతలో గానుగ దగ్గర పిప్పి ఎగదోస్తుంటే కుచ్చెళ్ళలోంచి పుస్తకం జారిపడింది. మా ఆయన తీశాడు. అట్ట మీద పిస్తోలు పట్టుకుని నిలబడ్డ మనిషిని పనివాళ్ళందరికీ చూపించి, మా ఇంటిది ఈడితో లేచిపోద్దిరా అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వులయ్యాక పుస్తకాన్ని పొయ్యిలో పడేసి, “ఎగదొయ్యి,” అన్నాడు నాతో. ఎగదోశాను, నా చేత్తోనే. కనకనగరం ఎండు పిప్పి కంటే తొందరగా అంటుకుంది. కృపామణి గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. అప్పుడు నాకొక సంగతి అర్థమయింది. నేను ఆ ఊరు వెళ్ళడం ఎలాగూ కుదరదు. ఆ ఊరినే ఒక్కపూట ఇక్కడికి తేవాలి.

దారి మా వీధిలోనే ఉంది. కిందటేడు దేముడమ్మ అనే ఆవిడ మీదికి అమ్మవారు వచ్చింది. రోజూ తన్నే మొగుడు ఆ పూట ఆవిడ కాళ్ళు కడిగి, అడిగినదానికల్లా సిత్తం తల్లీ అన్నాడు. అమ్మవారు దిగాక మళ్ళీ తన్నాడు, అది వేరే సంగతి. ఈ ఊళ్ళో ఆడదాని మాట వినాలంటే అది ఆడదాని మాట కాకూడదు.

కొత్తమావాస్య వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నడిమి గది నిండా వీధి ఆడవాళ్ళు కూర్చున్నారు. తలంటు పోసుకుని, చిన్నతల్లి చీర కట్టుకుని పసుపు గోడ ముందు కూర్చున్నాను. అత్త సాంబ్రాణి వేసి కొబ్బరికాయ కొట్టింది. నేను ఊగడం మొదలుపెట్టాను. మొదట మెల్లగా, తరవాత నడుం దగ్గర్నుంచి. జుట్టు విరబోసుకున్నాను. పళ్ళు కొరికితే దవడలు నొప్పెట్టాయి. గదిలో మాటలు ఆగిపోయాయి. ఎవరో పసుపునీళ్ళు నా మొహాన జల్లారు.

“ఎవులు తల్లీ?” అంది అత్త. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

“నన్నెరగవా అత్తా? నీ పెద్దకోడల్ని.”

అత్త నా కాళ్ళ మీద పడింది. కోడి కావాలా, మేక కావాలా అని అడుగుతోంది. నేను ఆమెకి బదులివ్వకుండా, “బంగార్రాజూ, ఇలారా,” అన్నాను. మొగుడి పేరు నా నోట రావడం అదే మొదలు. దేవత పిలిచిన పేరు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన చేతులు జోడించుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఇంక ప్రశ్న. ఏం జరిగిందని అడిగితే అడిగినవాడికి తెలియదని తేలిపోతుంది. తెలిసినట్టు ఉండేవాడికే నిజం దొరుకుతుందని పరాంకుశం అంటాడు.

“నా సావు నన్ను సెప్పమంటారా? మీరే సెప్తారా?”

అడిగి ఊరుకున్నాను. ఊగుతూనే ఉన్నాను. మా ఆయన తల్లి వైపు చూశాడు. తల్లి కొడుకు వైపు చూసింది. సాంబ్రాణి పొగకి ఎవరో దగ్గారు. నేను ఊరుకునే ఉన్నాను.

“నాను తొయ్యలేదు తల్లీ,” అంది అత్త.

“అమ్మా, ఊరుకో,” అన్నాడు మా ఆయన.

“దాస్తే దానికి తెల్దేటిరా?” అని కొడుకుని కసిరి, అత్త నా పాదాలతో చెప్పుకోసాగింది. “ఆడు కొట్టేడు. నువ్వు పెరట్లోకి పరిగెట్టేవు. దూకేవో, జారేవో, నాను సూడనేదు. నూతిలోంచి పిలిచేవు. అత్తా, తాడెయ్యి అన్నావు. తాడు నా సేతిలోనే ఉంది తల్లీ. ఉండనీ, బుద్దొస్తాది అన్నాడు ఆడు. సీకటి పడ్డాక కూడా పిలిచేవు. తరవాత మరి పిలవనేదు.”

నేను ఊగడం మరిచిపోయాను. అయినా ఒళ్ళు దానంతటదే కదులుతోంది.

కనకనగరంలో అయితే ఈ మాటకి కుర్చీలు పడిపోతాయి. ఆడవాళ్ళు కెవ్వుమంటారు. ఇక్కడ ఎవరూ కదల్లేదు. సన్యాసమ్మ ముందుకి వంగి దీపం ఒత్తి ఎగదోసి, మా గోడ కాడికీ ఇనిపించింది తల్లీ, మాదీ తప్పే, సల్లగా సూడు అని చెంపలు వేసుకుంది. తరవాత మంగాయమ్మ వేసుకుంది. ఆ వెనక కూర్చున్నవాళ్ళు కూడా. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. పరిశోధన చేసింది నేనొక్కదాన్నే. ఎందుకంటే ఆ వీధిలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

అత్త గోడకి వెండి కళ్ళు చేయిస్తానంది. ఏటా మేకని కోయిస్తానంది. మా ఆయన నేలకి నుదురు ఆనించి, నీ సెల్లిని కంట్లో ఎట్టుకు సూసుకుంటాను, సీడికాడ గుంటని ఒద్దంటాను తల్లీ అన్నాడు. నీ చెల్లి అంటే నేను.

గెలిచాను. ఇంక కాసేపు ఊగి, కర్పూరం మింగి, స్పృహ తప్పినట్టు పడిపోతే సరిపోతుంది. ఏడాదికొకసారి ఊగితే చాలు, మిగతా ఏడాదంతా బతకనిస్తారు. వాతలుండవు. నూతి భయం ఉండదు. ఆ ఇంట్లో అంత సుఖం ఏ ఆడదానికీ దొరికి ఉండదు. కానీ ఆ సుఖం నాది కాదు, చచ్చినదానిది. ఆమె నూతిలోంచి పిలిచినప్పుడు ఇవే చెవులు విని ఊరుకున్నాయి. ఇప్పుడు ఆమె చీర కట్టుకుని, ఆమె గొంతు అరువు తెచ్చుకుంటే వింటున్నాయి. రేపు అప్పలనరసమ్మ పిలిస్తే మళ్ళీ ఊరుకుంటాయి. ఆ మర్నాటికి గోడ మీద ఇంకో పసుపు పూత. నేను ఉండాలనుకున్న ఊళ్ళో ప్రశ్న అడగడానికి వంటమనిషి వంటమనిషిగా ఉంటే సరిపోతుంది. దేవత కానక్కర్లేదు.

ఊగడం ఆపాను. జుట్టు ముడేసుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకున్నాను.

“అత్తా, నా మీదికి ఎవులూ రాలేదు. నాను అప్పలనరసమ్మని. అడిగింది నానే.”

నా కాళ్ళ మీదున్న చేతులు నిప్పు తగిలినట్టు వెనక్కి పోయాయి. మా ఆయన నేల మీంచి లేచాడు. దణ్ణం పెట్టిన చేతులు పిడికిళ్ళయ్యాయి. రెండంగల్లో వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడి, బైటికెలా పోతావో నానూ సూస్తాను అన్నాడు.

“పోలీసు ఠాణాకి పోతన్నాను,” అన్నాను ఆడవాళ్ళ వైపు తిరిగి. “ఆ పిలుపు ఇన్నోళ్ళు నాతో రండి.”

కొంగులు సర్దుకున్నారు. సన్యాసమ్మ దీపం వైపు చూసింది. ఎవరూ లేవలేదు. నేనే లేచి, కొబ్బరిచిప్పలు దాటుకుని గుమ్మం దాకా నడిచాను.

“తప్పుకో, బంగార్రాజూ,” అన్నాను, నా గొంతుతోనే.

అప్పుడు ఉలిక్కిపడ్డారు, గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ.