మడి నీళ్ళ కావడి

మూట కట్టడంలో లక్ష్మమ్మను మించినవాళ్ళు మార్కాపురం బజారులో లేరు. ఈ మాట ఇంకెవరో అనక్కర్లేదు, ఆమే అనేది. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటేడు, చైత్రమాసంలో, పెద్దకొడుకు కుటుంబాన్ని శ్రీశైలం నడిపించడానికి ఆమె మూటలు కట్టింది. దోర్నాల దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి అడవిలో కాలినడక, దారిలో చెట్లకింద మకాం. అటుకులు, పప్పుండలు, ఊరగాయ జాడీ, కంబళ్ళు, లాంతరు, గుడారంలా కట్టుకోవడానికి మందపాటి దుప్పట్లు, పసిదానికోసం శొంఠి, వాము, మిరియాలు. కోడలు ఉమామహేశ్వరి ఒక మూట కడితే అది విప్పి మళ్ళీ తనే కట్టింది.

పసిదంటే మనవరాలు మల్లేశ్వరమ్మ. ఐదేళ్ళది, ఇంట్లో అందరికీ మల్లి. ఉమామహేశ్వరికి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక దక్కిన పిల్ల. దక్కితే పుట్టువెంట్రుకలు మల్లన్నకే ఇస్తామని మొక్కింది లక్ష్మమ్మే. శివరాత్రికి బయల్దేరబోతే చిన్నకోడలి పురుడు అడ్డమొచ్చింది. మొక్కు ఇంకా వెనకేస్తే దేవుడు ఊరుకోడని ఆమె భయం. ఆ పిల్లంటే ఆమెకు పంచప్రాణాలు.

కిరాణా దుకాణం కట్టేసి వచ్చిన కొడుకు నాగేశ్వర్లు మూటలు చూసి గొణిగాడు. "ఎండలు ముదిరినాయమ్మా. రెండు తోలు తిత్తులు తెస్తా. బరువుండదు, నీళ్ళు ఒలకవు."

"చచ్చిన గొడ్డు తోల్లో నీళ్ళు తాగి మల్లన్న గడప తొక్కుతావా?" లక్ష్మమ్మ గయ్యిమంది. "ఇత్తడి బిందెలు చాల్లే. దారెంబడి వాగులున్నాయి. మూడు మాట్లు పోయొచ్చినా, నాకు తెల్దా ఏంది?"

మూడుసార్లూ ఆమె పోయింది శివరాత్రికే, వాగుల్లో ఇంకా నీళ్ళుండే రోజుల్లో. ఆ సంగతి ఆమెకు తట్టలేదు, కొడుకుకూ తట్టలేదు. తట్టినా తల్లి ముందు నోరెత్తే రకం కాదతను.

నీళ్ళ కావడి కొడుకే మోయాలి, ఇంకొకరు ముడితే మడి చెడుతుంది. మిగతా బరువుకు చెంచు పుల్లయ్యను కుదిర్చారు. పుల్లలచెరువు పక్క అడవి నుంచి వాళ్ళ దుకాణానికి తేనె, చింతపండు తెచ్చిపోసే మనిషి. ఈ పక్క అడవి అతనికీ కొత్తే. దారి చూపేది లక్ష్మమ్మ.

రెండోరోజు మధ్యాహ్నానికి కావడిలోని రెండు బిందెల్లో ఒకటి అయిపోయింది. నింపుకుందామనుకున్న వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. మల్లికి పొద్దుటినుంచే ఒళ్ళు వెచ్చగా ఉంది. అందరూ మద్దిచెట్టు కింద చేరగిలబడి అలసటకు కునుకు తీశారు. పిల్ల దప్పి, దప్పి అని ఏడుస్తుంటే పుల్లయ్య పెద్దవాళ్ళను పిలిచి చూశాడు. చెంబేమో లక్ష్మమ్మ తలకింది మూటలో ఉంది. చివరికి అతను బిందె మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, తన సొరబుర్ర ముంచి పిల్లకు తాగించాడు.

సరిగ్గా అప్పుడే లక్ష్మమ్మకు మెలకువ వచ్చింది.

"ఎవరు ముట్టమన్నార్రా నిన్ను!"

"బిడ్డ నోరెండి ఏడుస్తాంటే చూడలేకపోతి అవ్వా. పిలిస్తే పలకలేదు మీరు."

"పోనీలేమ్మా, పిల్లకన్నా ఉండనీ" అన్నాడు నాగేశ్వర్లు లేచి.

"మొక్కుకు పోయే బిడ్డకు మైలనీళ్ళా? పైవాగు ఎంతో దూరం లేదు, పదండి" అని లక్ష్మమ్మ బిందె వంచేసింది. ఉమామహేశ్వరి చెయ్యి ముందుకొచ్చింది గానీ అత్తగారి మొహం చూసి ఆగిపోయింది. ఎండిన నేల ఆ నీళ్ళను గుటుక్కున మింగింది.

పైవాగు కూడా ఎండిపోయి ఉంది. మోచేతి లోతు తవ్వితే తడి ఇసుక వచ్చిందే గానీ నీటిచుక్క రాలేదు. మగవాళ్ళిద్దరూ చెరో దిక్కుకు పరుగెత్తారు. మల్లి ఒళ్ళు పెనంలా కాలుతోంది. కాసేపటికి ఏడుపు మానేసింది. నిద్రపట్టిందని లక్ష్మమ్మ సంతోషించింది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు, పిల్ల కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి.

లక్ష్మమ్మ మూటలన్నీ విప్పేసింది. శొంఠి ఉంది, వాము ఉంది, మిరియాలున్నాయి. కషాయం కాచడానికి నీళ్ళు లేవు. ఎంగిలి పేరెత్తితే ఇల్లు పీకి పందిరేసే మనిషి, తన చీరకొంగు నోట్లో పెట్టుకుని తడిపి పిల్ల పెదాలకు రాయాలని చూసింది. నోట్లో తడి ఉంటే కదా!

"అత్తా, ఆ నీళ్ళు..." అంది ఉమామహేశ్వరి.

పొద్దు వాలకముందే మల్లి పోయింది.

నాగేశ్వర్లు ఇంకా తిరిగి రాలేదు. పుల్లయ్య ఎక్కడో చెంచుల గుడిసెలున్న పెంట కనిపెట్టి, గంగమ్మ అనే ఆవిడను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నెత్తిన నీళ్ళకుండ ఉంది. ఉమామహేశ్వరి ఆ నీళ్ళు చేత్తో ముంచి బిడ్డ నోట్లో పోసింది. అవి పెదవి పక్కనుంచి కారిపోయాయి. మళ్ళీ పోసింది. గంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, కుండ ఎత్తుకుని లక్ష్మమ్మ దగ్గరికి వచ్చింది.

"తాగు పెద్దమ్మా. నువ్వు గూడ పడిపోతావు."

వద్దనాలనుకుంది లక్ష్మమ్మ. నాలుక అంగిలికి అంటుకుపోయి మాట రాలేదు. చేతులు వాటంతటవే దోసిలి పట్టాయి. గంగమ్మ పోస్తుంటే గటగటా తాగింది. తన మీద తనకే అసహ్యం వేసింది. దాహం అంతకంటే పెద్దదిగా ఉంది.

బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కోడలు ఆమెనే చూస్తోంది. ఆ చూపు తన మీదే ఉందని లక్ష్మమ్మకు తెలుసు. అయినా ఇంకోసారి దోసిలి పట్టింది.