రెండు ముడుల సంచి

అన్యాయం జరిగింది ఎవరికి, జరిగినది ఏ విధంగా, ఈ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పుకోకుండా ఈ కుర్చీలోంచి లేవకూడదు, అనుకుంటోంది ఆమె, వేదిక మీద ఎడమ నుంచి మూడో కుర్చీలో, ముప్ఫై నాలుగేళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన స్కేలు టీచరు, ఆ పేరు పెట్టిన పిల్లలకే ఇప్పుడు తలలు నెరిశాయి గాని ఆమె వెన్ను మాత్రం ఇంకా స్కేలులాగే నిలబడి ఉంది, ఎదురుగా మూడు వేల మంది, ఒక్కొక్కరి ముందూ ఒక స్టీలు గ్లాసు, ఒక్క ప్లాస్టిక్ సీసా లేని మహాసభ, ఒక్క గుప్పెడు చెత్త కూడా వృథాగా పోనివ్వని మహాసభ అని మైకు దగ్గర ఎవరో అంటున్నారు, చప్పట్లు, ఆ చప్పట్లు తనకేనట, ఇంకో పావుగంటలో పిలిచి జ్ఞాపిక ఇస్తారట, అది కూడా పాత కాగితాల గుజ్జుతో చేసిందేనట, మొదటి ప్రశ్నకు జవాబు తేలిగ్గానే వస్తోంది, అన్యాయం నాకే జరిగింది, చేసింది నేను చదువు చెప్పిన పిల్ల, ఇదిగో నా పక్క కుర్చీలో కూర్చుని నా గ్లాసులో నీళ్ళు ఉన్నాయో లేదోనని తొంగి చూస్తున్న ఈ కన్వీనరు, ఏడో తరగతిలో మూడో బెంచీ చివర కూర్చునేది, తోచనప్పుడు జడ కొస నోట్లో పెట్టుకుని నమిలేది, సాయంత్రాలు మా వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదివేది, మంచినీళ్ళు తాగండి టీచర్, గొంతు ఆరిపోతుంది, అంటోంది, అక్కర్లేదు, అంది ఆమె, అని, కాలితో కుర్చీ కిందికి ఇంకొంచెం తోసింది రెండు నల్ల సంచుల్ని, ఒకదానిలోంచి నారింజ తొక్కల వాసన మెల్లగా లేస్తోంది.

నోటు పుస్తకం తెరవకుండా మార్కులు వేసిన రోజు లేదు నా ఉద్యోగంలో, అందుకే భోజనాల తరవాత వెనక మెట్లు దిగి వెళ్ళింది, పొగడ్త వినబోయే ముందు పనిని కళ్ళారా చూసుకోవాలని, పథకం తనదే కదా, అంతస్తుకి మూడు రంగుల డబ్బాలు, తొక్కలూ ఎంగిలీ ఒక దాంట్లో, కాగితాలు ఒక దాంట్లో, రేకు డబ్బాలు ఒక దాంట్లో, మూడింటికీ మూడు లారీలు, ఒకటి ఎరువు చేసే చోటికి, ఒకటి కాగితం మిల్లుకి, ఒకటి రేకు కరిగించే చోటికి, కాగితం మీద ఎంత అందంగా ఉండేదో, తీరా రెండేళ్ళ కిందటి మహాసభ ముందు రోజు రంగు సంచులు రావలసిన చోట నల్ల సంచులు వచ్చి పడ్డాయి, అన్నీ నల్లవే, అన్నీ ఒకే సైజు, కట్టాక ఏది ఏదో దేవుడికే తెలియాలి, ఆమె తల పట్టుకు కూర్చుంటే ఈ భవనం ఊడ్చి తుడిచే ఆడవాళ్ళందరికీ పెద్ద, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, నడుముకి తాళాల గుత్తి గలగలమంటుంటే వచ్చి నవ్వింది, దీనికింత బెంగెందుకు టీచరమ్మా, ముడేస్తే పోలా, తొక్కలకి ఒక ముడి, కాగితాలకి రెండు ముడులు, రేకులకి మూతి మెలిపెట్టి గుడ్డ పీలిక, కరెంటు పోయినా సరే చేత్తో తడిమి చెప్పేస్తాం, అంది, మూడు డిగ్రీలున్న నాకు తట్టలేదు, ఆమెకి చీపురు కింద పెట్టేలోపు తట్టింది, అని ఆ రోజు ఎంత మెచ్చుకుందో, ఆ మెప్పు ఎన్నాళ్ళు నిలిచిందని, మూడు రోజులు.

వెనక పెరట్లో ఒకే ఒక్క లారీ ఉంది, నమిలి మింగే యంత్రం బిగించిన లారీ, ఇద్దరు మనుషులు ఒక ముడీ రెండు ముడులూ పీలికా ఏది చేతికందితే అది దాని నోట్లోకి విసురుతున్నారు, ప్రతి సంచికీ ముడి ఉంది, సరిగ్గా ఉంది, బిగువుగా ఉంది, ఉండి ఏం లాభం, లోపల పటపట పగులుతున్నాయి, కాగితాల మీద కూర, కూరలో రేకులు, మిగతా రెండు లారీలు ఏవయ్యా అని అడిగితే డ్రైవరు బీడీ చెవి మీద పెట్టుకుని, ఏ రెండమ్మా, ఓహో, పచ్చ బేనర్లు కట్టుకుని వచ్చినవా, అవి పొద్దునే ముందు గేటు దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోయాయిగా, ఖాళీగా వచ్చాయి, ఖాళీగా పోయాయి, అరువు తెచ్చిన నగలమ్మా అవి, ఈ సందులో మూడు బళ్ళు తిప్పాలంటే తెల్లారిపోద్ది, అయిదింటికల్లా హాలు అప్పగించాలిగా, అందుకని కన్వీనరమ్మ నాకే ఫోను చేస్తది, పోయినసారీ నా బండే, పోయినసారీ, ఆ ఒక్క మాట దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి, మరి ఊడ్చే ఆడవాళ్ళకి తెలుసా ఇది, వాళ్ళకేం తెలుసమ్మా, కింద తలుపు దగ్గర సంచులు పెట్టేసి గ్లాసులు తోముకోడానికి పోతారు, ఇటు రానివ్వరుగా వాళ్ళని, ఏంటమ్మా ఆ సంచులు పట్టుకున్నారు, చెత్త ఇంటికి తీసుకెళ్తారా ఏంటి, అని నవ్వాడు, పరీక్ష పేపర్లు నాయనా, దిద్దాలి, అంది ఆమె, ఒక ముడిది ఒక చేత, రెండు ముడులది ఒక చేత పట్టుకుని, మెట్లెక్కుతూ, ప్రతి మెట్టు దగ్గరా పోయినసారీ, పోయినసారీ అనుకుంటూ.

పోయినసారి ముగింపు సభ రోజు పొద్దునే ఇదే కన్వీనరు నాలుగు ఫొటోలు తెచ్చి చేతిలో పెట్టింది, చెత్తకుప్ప, అంతా కలగాపులగం, చూడండి టీచర్, మనం ఎంత చెప్పినా వాళ్ళ బుర్రకెక్కలేదు, ఏది ఎందులోనో వేసి కట్టేశారు, ఎరువు వాళ్ళు తీసుకోం అన్నారు, మిల్లు వాళ్ళు తీసుకోం అన్నారు, మొత్తం పూడ్చేయాల్సి వచ్చింది, అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ కళ్ళనీళ్ళు నిజమే, ఇప్పటికీ నిజమే అనిపిస్తోంది, ఆ ఫొటోల్లో పగిలిన సంచుల మూతులు వెతుకుదామన్న ఆలోచన రాలేదు తనకు, ముడి ఉందా లేదా అని చూసుకోలేదు, ఏడ్చే పిల్లను చూసింది, చూసి, ఇదే వేదిక మీద, ఇదే మైకు ముందు, పారిశుద్ధ్య సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఈ సత్సంకల్పం భగ్నమైనది, వారి నాయకురాలిదే ప్రధాన బాధ్యత, అని చదివింది, భగ్నమైనది అన్న మాట ఎంత ఇష్టంగా ఏరుకుందో, ప్రసంగం అచ్చువేయించి కుర్చీ కుర్చీకీ పంచారు కూడా, కింద తన సంతకం, ఆ సాయంత్రమే పెద్దక్క నడుముకున్న తాళాల గుత్తి తీసేసుకున్నారు, పంతొమ్మిదేళ్ళ గుత్తి, నిన్నటిదాకా తను పని నేర్పిన వాళ్ళ కింద మరుగుదొడ్లు కడగమన్నారు, మర్నాడు పొద్దున ఆ మనిషి మా ఇంటికి వచ్చింది, గేటు అవతల నిలబడి, నా చేతి ముడి నేను మరిచిపోతానా టీచరమ్మా, ఒక్కసారి బయటికి రండి, ఇది చూడండి, అంది, చేతిలో ఏదో నల్ల సంచి, కూరగాయలేవో తెచ్చి కాళ్ళబేరానికి వచ్చిందనుకుంది తను, వరండాలోంచే, నాకేమీ అక్కర్లేదు, తీసుకెళ్ళు, ముందు తప్పు ఒప్పుకోవడం నేర్చుకో, అంది, గేటు తీయలేదు, ఆ మనిషి సంచి రెండో చేతిలోకి మార్చుకుని, సరే అమ్మగారూ, అని వెళ్ళిపోయింది, టీచరమ్మా అని వచ్చిన మనిషి అమ్మగారూ అని వెళ్ళిపోయింది, అది కూడా ఇప్పుడే వినిపిస్తోంది.

ఇందాక నడవలో, ఈ సంచులతోనే ఎదురుపడి అడిగితే, మూడో బెంచీ పిల్ల ముందు నవ్వింది, తరవాత నవ్వడం మానేసింది, ఇప్పుడు కాదు టీచర్, ప్లీజ్, అంది, మూడు వేల మందిలో ఒక్కరు కూడా వెనక పెరట్లోకి వెళ్ళరు, మీరు తప్ప, స్టీలు గ్లాసులు అబద్ధమా చెప్పండి, ముప్ఫై వేల సీసాలు తప్పించాం, అది అబద్ధమా, సగమైనా నిజం చేశాం కదా, మిగతా సగం వచ్చేసారి, మరి ఆ పెద్దక్కో అంటే, ఆ రోజు ఎవరి మీదో ఒకరి మీద పెట్టకపోతే మొత్తం పథకమే మూలపడేది టీచర్, మీ పేరు పోయేది, మీ కోసమే చేశాను, నా కోసమా, అవును మీ కోసమే, కావాలంటే రేపు ఆమెను గదిలోకి పిలిచి మాట్లాడతాను, ఏదో ఒకటి చూద్దాం, బయటికి పొక్కకుండా, అంది, చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి పట్టుకునే కదా అక్షరం గుండ్రంగా రాయడం నేర్పాను, మా వంటింటి గట్టు మీద, నా పెన్నుతో, అనుకుని విడిపించుకుంది, అబద్ధం చెప్పినందుకు కూడా కాదు, నా పేరును ముసుగులా కప్పుకుని చెప్పినందుకు.

లేచి నిజం చెబితే ఏమవుతుంది, రేపు ఈ మూడు వేల మందీ నవ్వుతారు, అంతా బూటకమట అంటారు, వచ్చే మహాసభకు మళ్ళీ సీసాలు వస్తాయి, గ్లాసులు తోమే శ్రమ దేనికంటారు, పదేళ్ళు ఆఫీసు ఆఫీసుకీ తిరిగి సాధించినది ఒక్క సాయంత్రంలో నా చేత్తో నేనే కూలదోసుకున్నట్టు, ఊరుకుంటే, ఊరుకుంటే ఏమీ అవదు, గదిలో పిలిచి మాట్లాడతారు, గదిలో, ఎందుకో మదర్ గది గుర్తొస్తోంది, ఎనిమిదేళ్ళ వయసు, క్రైస్తవ సన్యాసినులు నడిపే హాస్టల్లో, ప్రార్థన గదిలో కొవ్వొత్తులు మాయమైతే మదర్ వరసలోంచి తనను బయటికి లాగి ఈ పిల్ల దొంగ అంది, నాలుగు వందల మంది ముందు, మర్నాడు ఎలక కలుగులో దొరికాయి, మదర్ అదే బెల్లు కొట్టించి, అదే మెట్టు మీద నిలబడి, నిన్న ఇక్కడే నేను ఈ పిల్లను దొంగ అన్నాను, నేను పొరబడ్డాను, ఈ పిల్ల దొంగ కాదు, అని అందరి ముందూ చెప్పింది, తరవాత గదిలోకి పిలిచి ఒక బిస్కట్టు ఇచ్చి, ఇక్కడ చెప్పి ఉంటే నీ ఏడుపు ఆగేది, నీ పేరు తిరిగి వచ్చేది కాదు, అంది, ఆ బిస్కట్టు మెత్తబడిపోయి ఉంది, అయినా తిన్నాను, కాలు కుర్చీ కింద దేనికో తగిలింది, గట్టిగా, చిన్నగా, ముడి, ఒకటి కాదు, రెండు, కాలి వేళ్ళ మధ్య రెండు ముడులు, కాగితాలు, అనుకుంది చూడకుండానే, గేటు అవతల ఆ చేతిలో సంచి, ఆ సంచి మూతికి ముడులు, కూరగాయలు ఎవరైనా అలా కడతారా, ఇది చూడండి అంది కదా, ఇది చూడండి అన్నదాన్ని చూడలేదు, నోటు పుస్తకం గేటు దాకా తెచ్చి ఇస్తే తెరవకుండానే సున్నా వేసి పంపేశాను, మొదటి ప్రశ్నకు జవాబు తప్పు రాశాను, అన్యాయం జరిగింది నాకు కాదు.

పేరు పిలిచారు, ఆమె లేచింది, రెండు సంచులూ పట్టుకుని, కన్వీనరు చెయ్యి కొంగును ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది, టీచర్, అంది గొణుగుతూ, ఏడో తరగతి గొంతుతో, జ్ఞాపికను బల్ల మీదే ఉంచి మైకు దగ్గరికి వెళ్ళి, రెండేళ్ళ కిందట నేను ఇక్కడే నిలబడి, ఈ భవనం శుభ్రం చేసే ఆడవాళ్ళు చెత్త కలిపేశారని చదివాను, అది అబద్ధం, వాళ్ళు విడదీసి కట్టారు, కట్టినదాన్ని వెనక పెరట్లో ఒకే లారీలో పోసి కలిపించింది కన్వీనరు, ఈ రోజు కూడా అలాగే జరిగింది, పరిశీలించకుండా సంతకం పెట్టింది నేను, అంది, వాక్యాలు పొట్టిగా వస్తున్నాయి, భగ్నమైనది లాంటి మాట ఒక్కటీ రావడం లేదు, హాలులో గుసగుస లేచి ఆగిపోయింది, చివరి తలుపు దగ్గర గ్లాసులు తీసుకెళ్ళడానికి ట్రే పట్టుకుని నిలబడిన మనిషిని అప్పుడు చూసింది, పెద్దక్కా ఇలా రా, అంది, అందరూ వెనక్కి తిరిగారు, ఆ మనిషి ట్రే ఎవరికీ ఇవ్వకుండా దాంతోనే నడిచి వచ్చింది, మూడు వేల మంది మధ్యలోంచి, తడి చేతులతో, కళ్ళు మూసుకో, ఇది పట్టుకో, అంటే ట్రే బల్ల చివర పెట్టి, పట్టుకుని, ఇది తొక్కలు, ఇది కాగితాలు, ఇది మా పనోళ్ళలో చిన్నదాని ముడి, ఎప్పుడూ ఎడమ చేత్తో వేస్తది, ఎంత చెప్పినా మానదు, అంది, మైకులో వినిపించి ఎవరో నవ్వారు, సంచులు విప్పి బల్ల మీద పోశారు, తొక్కలు, కాగితాలు, ఒకదాంట్లో ఒకటి లేదు, రెండో వరసలో కూర్చున్న భవనం మేనేజరును చూసి ఆమె, తాళాల గుత్తి తీసుకున్నది మీరే కదా, ఎప్పుడు ఇస్తారు, అంది, ఆయన కూర్చునే ఏదో అన్నాడు, లేచి నిలబడి చెప్పండి, అంది స్కేలు టీచరు, ఆయన లేచాడు, ఇప్పుడే ఇచ్చేస్తానండీ, అన్నాడు, జేబులోంచి తీసి ఇచ్చాడు, పెద్దక్క గుత్తిని నడుముకి తగిలించుకుంది, గలగలమంది, ఆ రోజు మా గేటు దగ్గరికి తెచ్చిన సంచిలో ఏముంది, అని ఆమె మైకు పక్కకు తిప్పి అడిగింది, ఈ ఒక్కటీ తెలుసుకోకుండా ఉండలేక, కాగితాలే టీచరమ్మా, సభయ్యాక కుర్చీల కింద పారేసి పోయారుగా, మీరు మమ్మల్ని తిట్టింది అచ్చేసినవే, అన్నీ ఏరి రెండు ముడులేసి తెచ్చా, ఒక్క తొక్క కలిస్తే ఒట్టు, అంది పెద్దక్క, టీచరమ్మా అంది, అమ్మగారూ అనలేదు, ఆమె రెండు చేతులూ జోడించింది, వేదిక మీద, అందరి ముందూ, నేను పొరబడ్డాను, ఈ మనిషి తప్పు చేయలేదు, అని మైకులో మరొక్కసారి చెప్పింది, పక్క కుర్చీలో మూడో బెంచీ పిల్ల తల వంచుకుని ఏడుస్తోంది, ఏడవనీ, ఈ కళ్ళనీళ్ళు కూడా నిజమే, దానికి పాఠం రేపు చెబుతాను, ఇవాళ్టిది అయిపోయింది, పెద్దక్క బల్ల మీది గ్లాసు చూసి, తాగేయండి టీచరమ్మా, తోమాలి, అంది, ఆమె నీళ్ళు అడుగంటా తాగి గ్లాసు ట్రేలో పెట్టింది, ఇక ఏమీ మిగల్లేదు, గ్లాసులోనూ, ఆ గేటు దగ్గరా.