బూటుకో ముక్క

ఎడమ బూటు ఎక్కింది, కుడిది మొండికేసింది. ఇర్మెలి మోకాళ్ల మీద కూర్చుని బొద్దుపిల్లాడి మడమ పట్టుకుంది. "కు-మి-సా-పస్" అంటూ తమ భాషలో రబ్బరు బూటుకున్న పేరునే ముక్కలు చేసి, ముక్కకో తోపు తోసింది. 'పస్' దగ్గర కాలు లోపలికి జారింది. గోడవార బల్ల మీద మిగతా పిల్లలు కాళ్లు టపటపలాడిస్తూ అదే పాట.

ఔలు ఊరి బాలవాడిలో ఆమె జీవితమంతా ఇదే పని. తొడగడం, విప్పడం, తడిసిన ఊలు చేతితొడుగుల్ని వెచ్చటి బీరువాలో ఆరేయడం. మంచుకు పగిలిన వేళ్లు, పట్టేసిన నడుము. ఈ రోజుతో ఆఖరు.

పొద్దుట్నుంచీ గుమ్మం వైపు చూస్తున్నది మాత్రం అందుకు కాదు. సైమి వస్తోంది! ఇక్కడ ఉన్నప్పుడు నాలుగేళ్లు నిండినా నోరు విప్పని సైమి ఇప్పుడు పక్క బడిలో ఒకటో తరగతి. ఏటా మార్చిలో ఆ తరగతి పిల్లలొచ్చి చిన్నవాళ్లకు కథ చదివి వినిపిస్తారు. ఈసారీ తడబడితే వచ్చే ఏడు మళ్లీ ఒకటో తరగతేనని టీచరు చెప్పిందట.

"ఏంటే, పెళ్లికొడుకు కోసం చూసినట్టు గుమ్మం వైపే చూస్తున్నావ్?" వంటగదిలోంచి కైసు వేళాకోళం.

"నువ్వు జావ కలపవే, అడుగంటుతోంది."

ఒకటో తరగతి రానే వచ్చింది. సైమి బూట్లు విప్పి, సాక్సులతో చిన్నవాళ్ల ముందు నిలబడి పుస్తకం తెరిచింది. రెండు వాక్యాలు గలగలా చదివేసింది. మూడోదాంట్లో 'మంచుమనిషి' అన్న పొడుగాటి మాట ఎదురైంది. పెదవులు బిగుసుకున్నాయి. టీచరు తల వంచుకుంది.

అప్పుడు సైమి ఎడమకాలు లేచింది. బూటు తొడుక్కుంటున్నట్టే నేలను తన్నింది.

"లు."

కుడికాలు. "మి."

చిన్నవాళ్లకు తెలిసిన ఆటే కదా, బల్ల మీది కాళ్లన్నీ కలిశాయి.

"ఉక్. కో. లుమిఉక్కో!"

మంచుమనిషి మాట దాటాక ఇక ఆగలేదు. పేజీ తర్వాత పేజీ, కాళ్లు కూడా మర్చిపోయి, ఊపిరి తీసుకోకుండా చివరిదాకా చదివేసింది.

"కాళ్లతో చదువుతావా పిల్లా?" టీచరు నవ్వింది.

"బూట్లు ఇర్మెలి అలాగే తొడిగేది. నువ్వూ తొడిగి చూడు."

"సరే, రెండో తరగతికి బూట్లేసుకునే రా."

ఇర్మెలి గబగబా వంటగదిలోకి వెళ్లి, కైసు భుజం మీద తల వాల్చి, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది.

సాయంత్రం కేకు కోశారు, చేతులు కలిపారు. ఆమె తాళంచెవి కైసుకిచ్చి బయటికొచ్చింది. కరుగుతున్న మంచులో లు-మి-ఉక్-కో అని అడుగులేసుకుంటూ మలుపు తిరిగిపోయింది. చేతులకు తొడుగులు లేవన్న సంగతే గుర్తులేదు.

వెచ్చటి బీరువాలో బుల్లి తొడుగుల వరస చివర, బొటనవేలి దగ్గర కుట్లు వేసిన పెద్ద బూడిదరంగు జత ఇంకా ఆరుతోంది.