పాడని చిన్న కోకిల

చర్చిలో అందరూ ఆమెను చిన్న కోకిల అనేవాళ్ళు. పెద్ద కోకిల వాళ్ళమ్మ. ఆవిడ పాడితే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసేవారట. ఆవిడ పోగానే, చర్చిలో పాటల బృందాన్ని, అదే క్వయర్‌ని నడిపే మేనత్త ఈమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అదే చోట నిలబెట్టింది. రక్తంలో ఉంటుందిలే అనుకున్నారు అందరూ. రక్తంలో ఏముందో గానీ, గొంతులో మాత్రం ఏమీ లేదు. బట్టలు కుట్టే మనిషి. కత్తెర తిన్నగా నడుస్తుంది, రాగం నడవదు. అమ్మ పరువు తీయలేక, మొదటి ఆదివారం నుంచే ఉత్త పెదవులు కదపడం మొదలుపెట్టింది. పక్కన అంతమంది గొంతెత్తుతుంటే ఎవరికి తెలుస్తుంది గనక! అలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక ఆదివారం మేనత్తకు జలుబు చేసి గొంతు పోయింది. పల్లవి ఎత్తుకునేది ఆవిడే. ఇంకేముంది, మైకు తెచ్చి చిన్న కోకిల ముందు పెట్టించింది. ఆమె వద్దని తల ఊపితే, దేవుడిచ్చిన వరాన్ని, తలాంతును దాచిపెట్టకూడదని బొంగురు గొంతుతోనే మందలించింది. కీబోర్డు మొదలైంది. పెదవులు కదిలాయి. స్పీకర్లలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సౌండు చూసుకునే ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చి, మైకును తట్టి "హలో" అన్నాడు. చర్చి అదిరిపోయింది. మైకు నిక్షేపంలా ఉంది. మళ్ళీ కీబోర్డు, మళ్ళీ పెదవులు. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పటికి అందరికీ విషయం బోధపడింది.

ఆరాధన అయ్యాక మేనత్త లేని గొంతుతోనే నానా మాటలూ అంది. జనం వెళ్ళిపోయినా చిన్న కోకిల పాటల పుస్తకాలు సర్దుతూ ఉండిపోయింది. సిగ్గు ఒక్కటే అయితే ఎలాగో దిగమింగేదే. దేవుడి ఇంట్లో తన వల్ల అయ్యే పని ఒక్కటీ లేదని తేలిపోయింది, అదీ బాధ. ఇక రాకూడదనుకుంది. పాస్టరుగారు వచ్చి పక్కన కూర్చుంటే ఆ మాటే చెప్పేసింది.

ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "మరి ఇన్నేళ్ళూ అక్కడ నిలబడి ఏం చేశావమ్మా?" అని అడిగారు.

"ఊరికే అందర్నీ చూస్తూ ఉన్నానండీ, అయ్యగారూ."

ఏం చూశావంటే చెప్పుకుపోయింది. క్వయర్ నిలబడేది జనానికి ఎదురుగా. పాడేవాళ్ళ కళ్ళు పుస్తకాల్లో ఉంటాయి, పాస్టరుగారు కళ్ళు మూసుకుంటారు. ఖాళీగా ఉండేవి ఆమె కళ్ళే. ప్లంబరూ భార్యా ఈమధ్య ఎడమొహం పెడమొహంగా కూర్చుంటున్నారు. నర్సమ్మ లేవాల్సినప్పుడల్లా బెంచీ పట్టుకుంటోంది. వాచీలు బాగుచేసే పెద్దాయన, భార్య పోయాక చివరి బెంచీకి మారాడు. ఈమధ్య అసలు రావడమే మానేశాడు.

పాస్టరుగారు ఆమె చేతిలోని పాటల పుస్తకం తీసుకుని పక్కన పెట్టారు. "అయితే ఆయన్ని చూసి రా తల్లీ. ఇకనుంచి నీ పని అదే," అన్నారు. పైకి ప్రార్థన చేయడం తనకు రాదని ఆమె నసిగింది. చేయమని తానెక్కడన్నానని, చూసి రమ్మన్నాను అంతేనని ఆయన అన్నారు.

సాయంత్రం వాచీల కొట్టుకు వెళ్ళింది. తలుపు సగం మూసి ఉంది. పెద్దాయన లోపల ఊరికే కూర్చుని ఉన్నాడు. పాస్టరుగారు పంపారా అని కాస్త విసుగ్గానే అడిగాడు.

"ఆయనే పంపారండీ. కానీ చూసింది నేను," అందామె. "మీ పక్కన బైబిలు పెట్టుకుని అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వరు కదా. మీరు చివరిసారి వచ్చిన రోజు ఎవరో దాన్ని పక్కకు జరిపి కూర్చున్నారు. మీరు పాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అది మా ఆవిడ చోటమ్మా," అన్నాడు చివరికి. "ఎవరూ చూళ్ళేదనుకున్నాను."

కళ్ళు తుడుచుకుని, స్టూలు మీది దుమ్ము దులిపి ఆమె ముందుకు జరిపాడు. భార్య సంగతులు ఒకటొకటే చెప్పుకొచ్చాడు. ఆమె వింది, అంతే. లేచేటప్పుడు ప్రార్థన చేయలేదే అని గాబరా పడింది. ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అని అడిగాడు.

ఎల్లుండి వస్తానని చెప్పి బయటపడింది. వీధి మలుపు తిరిగాక, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.