సవతి వీపు

నూనె వేడి సరిపోయిందో లేదో నా మణికట్టు మీద వేసి చూడమంటాడు మా ఆయన. "నీకు చుర్రుమంటే దానికీ చుర్రుమంటుంది, చూసివ్వు" అంటాడు. మా ఇంట్లో నా చర్మానికి ఉన్న విలువ అంతే, గుర్రం చర్మానికి కొలతగా పనికిరావడం. పొద్దుటినుంచీ పందులకు కుడితి పోసి, మొక్కజొన్నలు దంచి, ఊట దగ్గర్నుంచి నీళ్లు మోసుకొచ్చాక, నూనెకోసం కెమిరి కాయల గింజలు వేయిస్తాను. అల్లం వేసి మెత్తగా నూరి, కొబ్బరినూనెలో సన్న సెగ మీద కాచి, గుడ్డలో వడగట్టి, కొబ్బరిచిప్పలో పోసి అందిస్తాను. అందుకుంటాడు. నా వైపు చూడడు. చూపంతా వాకిట్లో కట్టేసిన గుర్రం మీదే ఉంటుంది.

చెవుల వెనక మొదలుపెడతాడు. బొటనవేళ్లతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ మెడ పొడుగునా దిగుతాడు. భుజం దగ్గరకొచ్చేసరికి అరచెయ్యి మొత్తం ఆనించి, తన ఒంటి బరువంతా దాని మీద వేసి, కాసేపు ఆగి, మెల్లగా వదులుతాడు. మధ్యమధ్య దాని చెవిలో ఏదో చెబుతాడు. పెళ్లయిన పదకొండేళ్లలో నా చెవి దగ్గర అతనన్న మాట "కాస్త జరుగు" అని ఒక్కటే. దాని ఒంటి మీద ఏ మచ్చ ఏ ఏడాది పసోలాలో, ఊళ్లవాళ్లు గుర్రాలెక్కి బల్లేలు విసురుకునే ఆ పండగ పోరులో, ఏ ఊరివాడి బల్లెం తగిలి పడిందో నిద్రలో లేపినా చెబుతాడు. నా మోచేతి మీద కాలిన మచ్చను మాత్రం రెండేళ్లకు చూసి "ఇదెప్పుడు?" అన్నాడు. ఆ మర్దనా చూడటానికి ఊళ్లో మగాళ్లు వచ్చి చాప మీద కూచుంటారు. ఏం చేతులు, ఏం చేతులు అని మెచ్చుకుంటారు. వాళ్లకు వక్కలూ సున్నమూ అందించేది నేనే.

ఉన్నమాట చెప్పేస్తాను. నాకు ఆ గుర్రమంటే అసూయ. పరాయి ఆడదాని మీద కాదు, నాలుగు కాళ్ల జంతువు మీద. నవ్వేవాళ్లు నవ్వండి. సవతి ఆడదైతే నలుగురూ నా వైపు మాట్లాడేవారు, జుట్టు పట్టుకుని ఈడ్చినా తప్పనేవారు కాదు. ఈ సవతికి మాత్రం నేనే గడ్డి కోసుకొచ్చి వెయ్యాలి, నేనే పేడ ఎత్తాలి. ఒళ్లు నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోవాలి కూడా.

ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగాను. మా చిన్నది ఇంకా పాలు తాగుతున్న రోజులు. నడుముకు పట్టీ బిగించుకుని రోజంతా మగ్గం నేయడం, ఆ పైన బిందెల మోత, ఎడమ భుజం రాయిలా బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవడం మానేసింది. అతను గుర్రం పని ముగించి, వేళ్లకంటిన నూనెను తన పిక్కలకు రాసుకుంటున్నాడు. నా భుజం కూడా కాస్త నొక్కమన్నాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వేమన్నా పసోలాకు దిగుతున్నావా?" అన్నాడు. కోపంగా కాదు, సరదాగానే అన్నాడు. మా అత్త విని పగలబడి నవ్వింది. ఆ మాటను పెళ్లిళ్లకూ చావులకూ మోసుకెళ్లి చెప్పింది. ఊట దగ్గర ఆడవాళ్లు బిందె ఎత్తుకుంటూ "నడుం పట్టేసిందా, పసోలాకేనా?" అని ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకునేవారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. మా అమ్మ బాలింతలకు ఒళ్లు పట్టే మనిషి. ఎవరి ఒంట్లో ఎక్కడ ముడి పడిందో వేళ్లతోనే కనిపెట్టేది. ఆ పని నాకూ నేర్పి, నా కాన్పు నాటికి తను లేకుండా పోయింది. ఎంత పని తెలిసినా ఎవరి భుజం వాళ్లు పట్టుకోలేరు, అదొక్కటే ఆ విద్యలో లోటు.

అంతకన్నా ఒళ్లు మండించేది ఇంకొకటుంది. సుంబా దీవిలో మా పడమటి తీరాన, పేరుమోసిన గుర్రమున్న మగవాణ్ణి సొంత పేరుతో పిలవరు, గుర్రం పేరుతోనే పిలుస్తారు. అదొక గౌరవం. మా గుర్రం పేరు తీరంచాలదు, అది పరుగెత్తడానికి ఈ తీరం చాలదని. మా ఆయన పేరు రెహి అన్న సంగతి చర్చిలో పేర్లు రాసే ఆయనకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఊరందరికీ అతను తీరంచాలదు. నాకూ అంతే. అన్నం వడ్డించి "తీరంచాలదూ, తిందువు రా" అని కేకేస్తే వాకిట్లో గుర్రం చెవులు నిక్కించి నా వైపు తిరుగుతుంది, మొగుడు తిరగడు. మొగుణ్ణి అన్నానికి పిలవాలంటే సవతి పేరు పెట్టి పిలవాల్సిన ఆడది లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

పసోలాకు ముందు మాకు చేదు నెల వస్తుంది. సముద్రపు పురుగులు తెరలు తెరలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చేదాకా డప్పు మోగకూడదు, చచ్చినవాళ్లకోసమైనా గట్టిగా ఏడవకూడదు, ఆడది పసోలా గుర్రాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా గడ్డి వెయ్యొచ్చు, పేడ ఎత్తొచ్చు, నూనె కాచొచ్చు. ఆ కట్టుబాటు పెట్టినవాడెవడో బాగా ఆలోచించే పెట్టాడు. ఈ ఏడు ఆ నెలలోనే గడ్డి వేస్తూ గమనించాను. వీపు మీద ఎడమ పక్క, కూచునే మెత్త కట్టే చోట చిన్న కొమ్మ రాసుకుందో లేదో, గుర్రం వీపంతా కిందికి కుంగింది, చెవులు వెనక్కి పోయాయి. మా ఆయన చేతులు ఆ చోటికి పోవడం లేదు. చూడవచ్చిన మగాళ్లకు కనబడేది నిగనిగలాడే మెడా భుజమూను, అందుకే మర్దనంతా అక్కడే. మనసొప్పక చెప్పాను. అక్కడ ముడి పడింది, నువ్వు కుడిచేత్తో బల్లెం విసిరేటప్పుడు బరువంతా ఎడమ తుంటి మీద మోపుతావు, ఈ ఏడు దాన్ని దింపకు అన్నాను.

"దానికి నొప్పుంటే నాకు చెప్పదా?" అన్నాడు.

వేళాకోళానికి కాదు, నమ్మే అన్నాడు. ఆ మాటతో గుర్రం నొప్పి నా బుర్రలోంచి ఎగిరిపోయింది. వీళ్లిద్దరి మధ్యా మాటలు కూడా నడుస్తున్నాయన్నమాట అనిపించి కడుపు రగిలిపోయింది. పందుల దొడ్డికి పోయాను.

పసోలా దగ్గరపడ్డాక ఒక పొద్దున అందరూ ఒడ్డున గుర్రాలను ఉరికించి చూసుకుంటున్నారు. మా ఆయన కుడిచెయ్యి వెనక్కి ఎత్తి ఉత్త కర్రను విసిరాడట. ఆ ఊపుకు గుర్రం నడుం కుంగి పక్కకు మెలి తిరిగిందట. మనిషి ఎగిరి ఇసుకలో పడ్డాడు. కుడి భుజం తప్పింది. నలుగురు పట్టుకుని ఎముకను సరిచేసి, చెయ్యి ఛాతీకి కట్టి ఇంటికి తీసుకొచ్చారు. గుర్రాన్ని వెనకాల ఎవరో నడిపించుకొచ్చారు.

మా దగ్గర గుర్రం మీంచి మగవాడు ఊరికే పడడు. ఎవరో తప్పు చేస్తేనే పడతాడు. ఆ తప్పు చేసిన మనిషి ఎప్పుడూ వంటింట్లోనే దొరుకుతుంది. మధ్యాహ్నానికల్లా రాటో వచ్చాడు, మా పెద్ద పూజారి. కోడిపుంజును పట్టుకుని అరుగు మీద కూచున్నాడు. మగాళ్లంతా చుట్టూ చేరారు. మా అత్త నన్ను పొయ్యి వెనక్కి లాక్కుపోయి నెమ్మదిగా చెప్పింది.

"ఏదో ఒకటి ఒప్పుకోవే. పెద్దదేం వద్దు, చిన్నది చాలు. మీ మామ పడ్డప్పుడల్లా నేను ఒప్పుకున్నాను, చెయ్యనివి కూడా. ఏం పోయింది?"

ఏం పోయిందో ఆవిడ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆ క్షణంలో ఆవిడ మీద కోపం కూడా రాలేదు నాకు.

రాటో నన్ను పిలిచి నిలబెట్టాడు. తప్పు ఇంట్లో ఉందా, గుర్రంలో ఉందా అని అడిగాడు. ఇంట్లో ఉంటే నేను చెప్పాలి, కోడిని కోసి కడిగేస్తారు. నేను నోరు విప్పకపోతే అది నలుగురిలో చెప్పుకోలేని తప్పే అయ్యుంటుందని నన్ను పుట్టింటికి పంపేస్తారు. గుర్రంలో ఉంటే అది కీడు గుర్రం, మాంసం బేరగాళ్ల పడవ ఎక్కించెయ్యాలి. కీడు గుర్రాన్ని ఇంట్లో ఉంచుకున్నవాడు బతికి బట్టకట్టడని మా నమ్మకం.

గుర్రంలోనే ఉంది అంటే చాలు. నా మీద మచ్చ పడదు, నా సవతి పడవెక్కుతుంది. సాయంత్రం నూనె కాచే పని ఉండదు, వాకిట్లో ఆ గుసగుసలుండవు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు మా ఆయన నా వైపు చూశాడు. మొహం బూడిదలా ఉంది, అది భుజం నొప్పికి కాదు. వద్దు, చెప్పకు అని కళ్లతో బతిమాలుతున్నాడు. పదకొండేళ్లలో అతను నన్ను అలా చూడటం అదే మొదలు, అదీ దానికోసం. ఆ చూపుకు కరగలేదు నేను. ఇంకాస్త మండాను. మండుతూనే గుర్రం వైపు తిరిగాను, ఒకసారి కళ్లారా చూసుకుని చెబుదామని.

అది ఎడమ వైపు బరువు మోపలేక కుడి వైపుకు ఒరిగి నిలబడి ఉంది. నీళ్ల బిందె దింపాక నేను నిలబడే తీరు అదే. దాన్ని రోజూ నొక్కుతున్నారు, ఊరంతా చూసి మెచ్చుకుంటున్నారు, నొప్పి ఉన్నచోట మాత్రం ఒక్క వేలూ పడలేదు. దాన్ని చూసి ఇన్నేళ్లూ కుళ్లుకున్నానే అనిపించింది. దానికి దొరికింది కూడా ఇదేనా అనిపించింది. నా కాళ్లు అరుగు దిగాయి. నేరుగా పోయి, చేదు నెలని కూడా చూడకుండా, దాని వీపు మీద ఎడమ పక్కన చెయ్యి వేశాను. వేళ్ల కింద పిడికెడు ముడి తగిలింది.

"తప్పు రెహిది" అన్నాను. "సరిగా కూచోడు. ఎడమ పక్కకు ఒరిగిపోయి దీని వీపు పాడుచేశాడు. చెప్తే వినలేదు."

గుర్రాన్ని ముట్టుకున్నందుకు కొందరు, మొగుణ్ణి పేరు పెట్టి అన్నందుకు కొందరు నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. రాటో మాత్రం నన్ను కాకుండా నా వేళ్లకింద కుంగుతున్న వీపును చాలాసేపు చూశాడు. తర్వాత కోడిని కోసి, కార్జం తిప్పి తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ముట్టుకోనే ముట్టుకుంది. ఇప్పుడు మగచెయ్యి కూడా పడితే రెండు తప్పులవుతాయి. పురుగులు ఒడ్డుకొచ్చేదాకా దీన్ని ఈ పిల్లే చూసుకోవాలి, ఎవరూ ముట్టుకోవద్దు. ఈ ఏడు గుర్రం దిగదు. ఇది శిక్ష."

మా ఇంట్లో శిక్ష కూడా ఇంకో పనిగానే వస్తుంది. నీళ్లు నేనే మోశాను, నూనె నేనే కాచాను, ఇప్పుడు పట్టడం కూడా నా మీదే పడింది. చూడటానికి మగాళ్లెవరూ రాలేదు. ఆడది నొక్కుతుంటే అందులో చూడటానికేముంది? ముందు రెండురోజులు గుర్రం నన్ను దగ్గరికి రానివ్వలేదు, ముడి చుట్టూ దూరదూరంగా నిమిరి వదిలేశాను. ఆ తర్వాత సాయంత్రం మా అమ్మ నేర్పినట్టు మూడు వేళ్లు చేర్చి ముడి అంచున ఆనించి, అది ఊపిరి వదిలినప్పుడల్లా కాస్త కాస్త లోపలికి దిగాను. చాలాసేపటికి దాని తల వాలింది. కింది పెదవి వేలాడేసి, కళ్లు సగం మూసి, పెద్దగా నిట్టూర్చింది. ఆ హాయి చూసి నాకు సంతోషం కలిగిందని చెబితే అబద్ధమవుతుంది. ఒళ్లు పట్టేది నేను, హాయి దానిదా అనుకున్నాను. చేతులు మాత్రం ఆపలేదు.

మా ఆయన చెయ్యి ఛాతీకి కట్టుకుని అరుగు మీద కూచుని ఇదంతా చూస్తున్నాడు. మొదట్లో ఇలా కాదు, అలా కాదు అన్నాడు. గుర్రం నిట్టూర్చాక ఆ మాటలు ఆగిపోయాయి. అది తల తిప్పి నా భుజం మీద మూతి ఆనించింది. అప్పుడన్నాడు.

"ఇలా ఒక్కసారన్నా నన్ను పట్టావా నువ్వు?"

పడుకునేముందు రోజూ అతని కాళ్లు పట్టిన చేతులివి. మరొకప్పుడైతే ఆ మాటకు రగిలిపోయేదాన్నే. కాని ఆ గొంతు నాకు తెలుసు. అది కడుపులో ఎక్కడ పుట్టి గొంతులో ఎక్కడ అడ్డం పడుతుందో ఈ ఊళ్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లూ ఆ కుళ్లు నా ఒక్కదానిదే అనుకున్నాను. అతని మొహంలో చూస్తే మరీ చిన్నపిల్లాడి ఏడుపులా ఉంది.

గుర్రాన్ని వదిలేసి అరుగు దగ్గరికి వచ్చాను. నూనెచిప్ప అతని పక్కన పెట్టి, అతనికి వీపు పెట్టి మెట్టు మీద కూచున్నాను. రవిక ఎడమ భుజం మీంచి కిందికి జరుపుకున్నాను.

"నీ ఎడమ చెయ్యి బాగానే ఉందిగా, కానియ్" అన్నాను. "ఎక్కడో నేను చెబుతాను."